చట్టమును ప్రతిపాదించు హక్కు: స్విట్జర్లాండు ప్రజల చరిత్ర

ప్రజాస్వామ్యమనగా ప్రజల పాలన యని బడికి పోవు పిల్లవాడును చెప్పగలడు. కాని ప్రజలు పాలించుట యనగా నేమి? కొన్ని యేండ్లకొక పర్యాయము ఓటు వేసి, ఒక ప్రతినిధిని ఎన్నుకొని, పిమ్మట ఆతడు చేయు శాసనములకు తలయొగ్గుటయేనా? లేక తమకు కావలసిన చట్టమును తామే వ్రాసి, తామే చర్చించి, తామే ఆమోదించుకొనుటయా? ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ప్రాచీన గ్రీసు దేశమున ఏథెన్సు పౌరులు కొండమీద సభ తీర్చి యుద్ధమును, సంధిని, పన్నులను స్వయముగా నిర్ణయించుకొనిరి. కాని ఆ సభలో స్త్రీలకు చోటు లేదు. బానిసలకు చోటు లేదు. ఆధునిక కాలమున ఈ ప్రశ్నను విడువక పట్టుకొని, దానికి తమ రాజ్యాంగములోనే సమాధానము వ్రాసికొన్న వారు స్విట్జర్లాండు ప్రజలు. వారి విజయములును, వారు చేసిన పొరపాటులును తక్కిన ప్రపంచమునకు పాఠములైనవి.

అర్జీయు ప్రతిపాదనయు

ప్రజలు తమ కోరికను ప్రభుత్వమునకు తెలుపుకొను మార్గములలో మిక్కిలి పురాతనమైనది అర్జీ. అర్జీ పెట్టుకొనువాడు అడుగును. ఇచ్చుటయు మానుటయు అవతలివాని చిత్తము. జమాబందీలో రైతు ఇచ్చిన కాగితమైనను, లక్షలమంది సంతకము చేసిన మహజరైనను ఈ విషయమున ఒక్కటియే. శాసన ప్రతిపాదన హక్కు దీనికి పూర్తిగా భిన్నమైనది. ఇంగ్లీషున దీనిని ఇనీషియేటివు అందురు. చట్టము నిర్ణయించిన సంఖ్యలో పౌరులు ఒక ప్రతిపాదనమీద సంతకములు చేసినచో, ప్రభుత్వమునకు ఇష్టమున్నను లేకున్నను దానిని దేశప్రజలందరి ఓటునకు పెట్టి తీరవలెను. ఓటులో నెగ్గినచో అది శాసనమగును.

దీనికి తోబుట్టువులు రెండు కలవు. శాసనసభ చేసిన చట్టమును ప్రజల ఓటునకు పెట్టించి, వలదన్నచో కొట్టివేయుట రిఫరెండము. ఎన్నుకొన్న ప్రతినిధిని గడువు తీరకమునుపే వెనుకకు పిలుచుట రీకాలు. రిఫరెండము గుఱ్ఱమునకు కళ్లెము వంటిదైనచో ప్రజాప్రతిపాదన ముల్లుకోల వంటిది. ఒకటి తప్పుదారిని పోవుదానిని ఆపును. మఱియొకటి కదలనిదానిని కదలించును.

మైదానములో కూడు శాసనసభ

స్విట్జర్లాండు ఆల్ప్సు పర్వతములలోని చిన్న దేశము. కాంటనులనబడు రాష్ట్రములు కూడి సమాఖ్యగా ఏర్పడినవి. పర్వత ప్రాంతపు కాంటనులలో పశువుల కాపరులును రైతులును ఏడాదికొకమారు ఆరుబయట సభ తీరి, అధికారులను ఎన్నుకొని, శాసనములు చేసికొను ఆచారము మధ్యయుగమునుండి యుండెను. ఈ సభకు లాండ్స్‌గెమైండె యని పేరు. గ్లారుసు కాంటనులో మొదటి సభ 1387 లో జరిగెను. కాలక్రమమున పెక్కు కాంటనులు ఈ ఆచారమును విడిచిపెట్టినవి. ఊరి కాంటను 1928 లోను, నీడ్వాల్డెను 1996 లోను, బాహ్య ఆపెంజెల్లు 1997 లోను, ఓబ్వాల్డెను 1998 లోను దానికి స్వస్తి చెప్పినవి. నేటికిని కాంటను సభగా అది నిలిచియున్నది గ్లారుసులోను, అంతర ఆపెంజెల్లులోను మాత్రమే.

గ్లారుసు సభ మే నెల మొదటి ఆదివారమున పట్టణములోని మైదానమున జరుగును. చర్చకు రాబోవు విషయములన్నియు ముద్రించిన పుస్తకము ముందుగానే ప్రతి యింటికి చేరును. ఓటుహక్కు కల ఏ పౌరుడైనను ప్రతిపాదన పంపవచ్చును. సభలో నిలిచి మాటాడవచ్చును. ప్రభుత్వము తెచ్చిన బిల్లుకు సవరణ కోరవచ్చును. చేతిలోని కార్డులను పైకెత్తి ఓటు వేయుదురు. ఎవరి పక్షము హెచ్చో సభాధ్యక్షుడు కన్నులతో చూచి నిర్ణయించును.

ఇట్టి సభ గొప్ప కార్యములు చేయగలదా యని సందేహించువారికి 1864 నాటి ఉదంతము సమాధానము. ఆనాడు గ్లారుసు నూలుబట్టల అద్దకమునకు ప్రసిద్ధికెక్కియుండెను. ఈ అద్దకపు చరిత్రలో తెలుగువారికిని ఒక సంబంధము కలదు. మచిలీపట్నము మొదలైన కోరమాండలు తీరపు రేవులనుండి ఐరోపాకు పోయిన అద్దకపు బట్టలను చూచియే అచ్చటివారు ఈ విద్య నేర్చిరి. ఆ బట్టలకు వారు పెట్టిన పేరే ఇండియెన్. గ్లారుసు లోయలో నదివెంట మిల్లులు లేచినవి. రైతుబిడ్డలు కూలీలైరి. రాత్రియనక పగలనక పని జరుగుచుండెను. 1864 లో ఆ మైదానమున కూడిన సభ వయోజనులకు సైతము దినమునకు 12 గంటలకు మించి పని చేయింపరాదనియు, రాత్రిపని కూడదనియు శాసించెను. యంత్రములవద్ద నిలుచువారును, యంత్రముల యజమానులును ఒకే మైదానమున నిలిచి చేతులెత్తిరి. పనివారి చేతులే ఎక్కువ. పదుమూడేండ్ల పిమ్మట, 1877 లో, పనిదినమును 11 గంటలకు తగ్గించు కార్మిక చట్టమును స్విట్జర్లాండు దేశమంతయు స్వల్పాధిక్యముతో ఆమోదించెను.

ఇటీవలి యుదాహరణ మఱియొకటి. 2006 లో గ్లారుసులో 25 గ్రామ పురపాలక సంఘములుండెను. వానిని పదిగా కుదింపవలెనని కాంటను ప్రభుత్వము బిల్లు తెచ్చెను. సభలో ఒక పౌరుడు లేచి, పది యేల, మూడు చాలునని సవరణ ప్రతిపాదించెను. సభ దానిని ఆమోదించెను. ప్రభుత్వమే నివ్వెరపోయెను. ఇది తొందరపాటని తలచినవారి కోరికపై 2007 నవంబరులో ప్రత్యేక సభ జరిగెను. నాడును ప్రజలు మూడింటికే మొగ్గు చూపిరి. 2011 జనవరి 1 నుండి గ్లారుసులో మూడు సంఘములే కలవు. ఆ 2007 లోనే ఓటుహక్కు వయస్సును 16 ఏండ్లకు తగ్గించినదియు ఈ సభయే.

అయితే ఈ చిత్రమున నీడయు కలదు. పూర్వము ఇట్టి స్వతంత్ర కాంటనులే ఇరుగుపొరుగు ప్రాంతములను ఏలుబడిలో నుంచుకొని, 1798 వరకు అచ్చటి వారిని ప్రజలుగాక ప్రజ్యులుగా పాలించినవి. తమకు స్వేచ్ఛ కావలెననువాడు ఇతరులకు దానిని ఇచ్చునను నియమము చరిత్రలో లేదు.

సంతకముల బలము

మైదానములో పట్టు జనమున్న చోట ఈ పద్ధతి సాగును. లక్షలాది జనమున్న కాంటనులలో ఏమి చేయవలెను? ఈ చిక్కుకు పరిష్కారముగా పుట్టినదే సంతకముల సేకరణ. 1845 లో వో కాంటను తన రాజ్యాంగమున 8,000 మంది పౌరులు కోరినచో ఏ ప్రతిపాదననైనను ప్రజల ఓటునకు పెట్టవలెనని వ్రాసికొనెను. ఆధునిక ప్రజాప్రతిపాదనకు ఇదియే తొలి మెట్టు.

దానికి బలము చేకూర్చినది జూరిచ్చు కాంటను. 1860 ప్రాంతమున అచ్చట ఆల్‌ఫ్రెడ్ ఎషరు అను నాయకుని ప్రాబల్యము సాగుచుండెను. రైల్వేలు, పెద్ద బ్యాంకు, శాసనసభ అన్నియు ఆయన వర్గము చేతిలో నుండెను. ఆయన సమర్థుడు, దేశమునకు రైలుమార్గములు తెచ్చినవాడు. కాని పల్లె రైతునకు తక్కువ వడ్డీకి అప్పు పుట్టుటలేదు. చేతిపనివాని మొఱ వినువాడు లేడు. 1867 లో కలరా వ్యాపించి బీదలు తల్లడిల్లిరి. ఆ సంవత్సరము డిసెంబరు 15 న కాంటనులో నాలుగు చోట్ల మహాసభలు జరిగినవి. ప్రజలు రాజ్యాంగమునే మార్పవలెనని కోరిరి. 1869 ఏప్రిలులో క్రొత్త రాజ్యాంగము ఆమోదము పొందెను. 5,000 మంది సంతకములతో చట్టమును ప్రతిపాదించు హక్కు ప్రజలకు లభించెను. అంతేకాదు, ఒంటరి పౌరుడు పంపిన ప్రతిపాదననైనను శాసనసభ్యులలో మూడవవంతు బలపఱచినచో ఓటునకు పెట్టవలెనని నియమమేర్పడెను. మరుసటి సంవత్సరమే, 1870 లో, చిన్నరైతులకును చేతిపనివారికిని అప్పులిచ్చుటకు కాంటను బ్యాంకు స్థాపితమయ్యెను. హక్కు కాగితముమీద నిలువక పొలమువరకు నడచిన తీరు ఇది.

కాంటనులలో పండిన ఫలమును సమాఖ్య తరువాత అందుకొనెను. 1848 నాటి సమాఖ్య రాజ్యాంగము 50,000 మంది కోరినచో రాజ్యాంగమునంతటిని తిరిగి వ్రాయు విషయమును ఓటునకు పెట్టవచ్చుననెను. 1874 లో చట్టములపై రిఫరెండము హక్కు వచ్చెను. 1891 జులై 5 న రాజ్యాంగములోని ఏ ఒక్క విషయమునైనను మార్పుటకు 50,000 మంది పౌరులు ప్రతిపాదింపవచ్చునను సవరణ నెగ్గెను. స్త్రీలకు ఓటుహక్కు వచ్చి ఓటర్ల సంఖ్య హెచ్చిన పిమ్మట, 1977 లో, ఈ సంఖ్యను లక్షకు పెంచిరి. దేశములోని ఓటర్లలో ఇది నూటికి ఇద్దరి కంటెను తక్కువ.

నేటి పద్ధతి ఇట్లున్నది. ప్రతిపాదకులు తమ ప్రతిపాదనను ప్రకటించిన నాటినుండి 18 నెలలలో లక్ష సంతకములు సేకరింపవలెను. ప్రతి సంతకమును సరిచూతురు. పిమ్మట ప్రభుత్వము తన యభిప్రాయమును చెప్పును. పార్లమెంటు చర్చించి, ఆమోదింపుడనియో తిరస్కరింపుడనియో ప్రజలకు సలహా యిచ్చును. కావలసినచో దానికి ప్రతిగా వేఱొక ప్రతిపాదనను తానే పెట్టవచ్చును. ఇరుపక్షముల వాదములును ముద్రించిన చిన్న పుస్తకము ఓటరు ఇంటికి చేరును. తుదకు దేశప్రజలలో అధిక సంఖ్యాకులును, కాంటనులలో అధిక సంఖ్యయు అంగీకరించిననే సవరణ నెగ్గును. మొదటి సంతకమునుండి ఓటుదినము వరకు కొన్ని యేండ్లు పట్టును. ఈ ఆలస్యము లోపము కాదు. ఆవేశము చల్లారి ఆలోచన మేల్కొనుటకు ఇచ్చిన గడువది.

వెలుగు నీడలు

ఈ హక్కును స్విస్సు ప్రజలు తొలిసారి వినియోగించిన విధము తలచుకొనిన మనస్సు చివుక్కుమనును. 1893 ఆగస్టు 20 న ఓటునకు వచ్చిన మొదటి ప్రతిపాదన, పశువులను ముందుగా స్పృహ తప్పింపక వధింపరాదనునది. పైకి అది జీవకారుణ్యము. లోపల దాగినది యూదుల మతాచారముపై ద్వేషము. వారి శాస్త్రము ప్రకారము పశువును స్పృహ తప్పించి వధింపరాదు. యూదులు ఆ దేశమున ఎచ్చటనైనను నివసించు హక్కును పొందినది 1866 లోనే. మతస్వేచ్ఛ లభించినది 1874 లో. ఇరువదియేండ్లయినను గడువకమునుపే, ప్రభుత్వము వలదన్నను, నూటికి 60 మంది ఆ ప్రతిపాదనను ఆమోదించిరి. ఆ నిషేధము పిమ్మట రాజ్యాంగమునుండి జంతుసంరక్షణ చట్టములోనికి మారి నేటికిని నిలిచియున్నది. 2009 నవంబరులో మసీదులకు మినారులు కట్టరాదను ప్రతిపాదన నూటికి 57 మందికి పైగా ఓట్లతో నెగ్గెను. అధిక సంఖ్యాకుల చేతిలోని కలము అల్పసంఖ్యాకుల తలవ్రాతను వ్రాయగలదని ఈ రెండు ఉదంతములు హెచ్చరించుచున్నవి.

వెలుగు పక్షమున చెప్పదగినది దామాషా ప్రాతినిధ్యపు కథ. ఆనాటి ఎన్నికల పద్ధతివలన ఒక్క పక్షమే పార్లమెంటులో ఏండ్ల తరబడి ఆధిక్యము నిలుపుకొనుచుండెను. వచ్చిన ఓట్లనుబట్టి సీట్లు ఇవ్వవలెనని 1900 లో ప్రజాప్రతిపాదన వచ్చి ఓడెను. 1910 లో మరల వచ్చెను; కాంటనులలో ఎక్కువ భాగము అంగీకరించినను ప్రజల ఓట్లు కొలదిగా చాలలేదు. 1918 అక్టోబరు 13 న మూడవ పర్యాయము వచ్చి ఘనముగా నెగ్గెను. 1919 ఎన్నికలలో ఆ పక్షము తన సంపూర్ణాధిక్యమును కోల్పోయెను. అధికారములో నున్నవారు తమ అధికారమును తగ్గించు చట్టమును తామే చేయుట అరుదు. ఇట్టి సంస్కరణ ప్రజల చేతిమీదుగానే రావలసియుండెను.

1949 నాటి కథయు ఇట్టిదే. 1939 ఆగస్టులో యుద్ధము ముంచుకొని వచ్చినప్పుడు పార్లమెంటు ప్రభుత్వమునకు పూర్ణాధికారములను ఒసగెను. యుద్ధము ముగిసినది, కాని అత్యవసరమను పేర రిఫరెండమును తప్పించు శాసనములు చేయు అలవాటు పోలేదు. ప్రత్యక్ష ప్రజాస్వామ్యమునకు మరలి పోవుదమను ప్రతిపాదన వచ్చెను. ప్రభుత్వమును పార్లమెంటును వలదనినను, 1949 సెప్టెంబరు 11 న అది స్వల్పాధిక్యముతో నెగ్గెను. ఆపదలో ఇచ్చిన అధికారమును ఆపద తీరిన పిమ్మట తిరిగి పుచ్చుకొనుట ఎంత కష్టమో ప్రపంచ చరిత్ర చెప్పును. స్విస్సు ప్రజలు దానిని బాలెట్టు కాగితముతో సాధించిరి.

1891 నుండి ఓటునకు వచ్చిన ప్రజాప్రతిపాదనలు రెండువందలకు మించినవి. నెగ్గినవి ఇంచుమించు పదింట ఒకటి. ఓడినవన్నియు వ్యర్థములు కావు. సైన్యమును రద్దు చేయవలెనను ప్రతిపాదన 1989 లో ఓడెను. అయినను నూటికి 35 మందికి పైగా దానికి ఓటు వేయుట చూచి ప్రభుత్వము ఉలికిపడెను. ఆయుధము పట్ట మనసొప్పని యువకులు ప్రజాసేవ చేయుటకు వీలిచ్చు సవరణ 1992 లో వచ్చెను. ప్రజలు తమ లాభమునే చూచుకొందురను నిందకును ఈ చరిత్రలో సమాధానము కలదు. అందరికిని ఏడాదికి ఆరువారముల సెలవు ఇవ్వవలెనను ప్రతిపాదనను 2012 లో మూడింట రెండువంతుల మంది తిరస్కరించిరి. అట్లని ప్రతి కోరికను కాదందురనుటయు సరికాదు. ముసలివారికి సంవత్సరమునకు పదుమూడవ నెల పింఛను ఇవ్వవలెనను ప్రతిపాదనను 2024 మార్చి 3 న నూటికి 58 మంది ఆమోదించిరి.

స్త్రీల నిరీక్షణ

ఈ చరిత్రలో అన్నిటికంటె పెద్ద మచ్చ స్త్రీల విషయము. ఇంతటి హక్కులుగల దేశమున సగము జనమునకు ఓటే లేదు. 1929 లో స్త్రీల ఓటుహక్కు కొరకు 2,49,237 మంది సంతకము చేసిన అర్జీ ప్రభుత్వమునకు చేరెను. వారిలో స్త్రీలు లక్షా డెబ్బదివేలకు మించిరి. శాసన ప్రతిపాదనకు ఆనాడు 50,000 సంతకములు చాలును. కాని ఓటుహక్కు లేని స్త్రీ సంతకము ఆ లెక్కకు రాదు. అది అర్జీగానే యుండి, బీరువాలో నిద్రించెను. అర్జీకిని ప్రతిపాదనకును గల భేదము ఇంతకంటె స్పష్టముగా మఱి యెచ్చటను కానరాదు.

1959 ఫిబ్రవరి 1 న పురుషులు ఓటు వేసి, నూటికి 66 మందికి పైగా, స్త్రీలకు ఓటు వలదనిరి. 1971 ఫిబ్రవరి 7 న ఆ నిష్పత్తి తలక్రిందులై స్త్రీలకు సమాఖ్య ఎన్నికలలో హక్కు వచ్చెను. భారతీయ స్త్రీలు 1951-52 ఎన్నికలలోనే పురుషులతో సమానముగా ఓటు వేసిరని ఇచ్చట గుర్తుచేసికొనుట తగును. అంతర ఆపెంజెల్లు పురుషులు అప్పటికిని మైదానములోనికి స్త్రీలను రానీయలేదు. 1990 లో సమాఖ్య న్యాయస్థానము తీర్పు చెప్పినపుడు గాని ఆ తలుపు తెఱచుకొనలేదు. ప్రజల ఓటు గొప్పదే. కాని దానికి పైన సమానత్వమను ధర్మమును కాపాడు న్యాయస్థానమొకటి ఉండవలెనని ఈ కథ తెలుపును.

అరువు తెచ్చుకొన్న పుస్తకము

స్విస్సు పద్ధతి సముద్రము దాటి అమెరికాకు పోయిన కథ గ్రంథాలయ పాఠకులకు ప్రత్యేకముగా రుచించును. న్యూయార్కులో జె. డబ్ల్యు. సలివను అను అచ్చుకూటపు పనివాడు, పత్రికారచయిత, స్విట్జర్లాండు పోయి అచ్చటి పద్ధతులను చూచి వచ్చెను. ప్రత్యక్ష శాసనమును గూర్చి ఆయన ఒక చిన్న పుస్తకము వ్రాసెను. ఆ పుస్తకము పసిఫికు తీరముననున్న ఆరెగాను రాష్ట్రమునకు చేరెను. అచ్చట మిల్వాకీ అను చిన్న ఊరిలో, పండ్లతోటల పెంపకములో పేరుపొందిన లెవెల్లింగు కుటుంబమువారి యింట విలియం యురెను అను ఆతడు ఉండెను. ఆతడు కమ్మరి కుమారుడు. తానును కమ్మరిపని నేర్చి, పిమ్మట న్యాయశాస్త్రము చదివినవాడు. ఆ యింటివారు అతనికి ఆ పుస్తకమును చదువనిచ్చిరి. పుస్తకము ముగియుసరికి అతని జీవితమునకు మార్గము దొరకెను.

ఆనాడు ఆరెగాను శాసనసభలో రైల్వే కంపెనీల మాటకు ఎదురు లేదు. లంచములు బాహాటముగా సాగుచుండెను. యురెను ఊరూరు తిరిగెను, కరపత్రములు పంచెను, రైతుసంఘములను కార్మికసంఘములను ఒక్కత్రాటిమీదికి తెచ్చెను. 1898 లో దక్షిణ డకోటా రాష్ట్రము అందరికంటె ముందుగా ప్రజాప్రతిపాదన హక్కును స్వీకరించెను. ఆరెగాను 1902 లో స్వీకరించెను. అనుకూలముగా 62,024 ఓట్లు, ప్రతికూలముగా 5,668 మాత్రమే. 1908 లో రీకాలు హక్కు వచ్చెను. ముందు అయిదు పర్యాయములు ఓడిన స్త్రీల ఓటుహక్కు 1912 లో ప్రజాప్రతిపాదన ద్వారమున నెగ్గెను. టెలిఫోను కంపెనీయొకటి తనపై పన్ను విధించిన ప్రజాశాసనము చెల్లదని సుప్రీముకోర్టువరకు పోయెను; అది న్యాయస్థానము తేల్చు విషయము కాదని కోర్టు 1912 లో త్రోసివేసెను. క్రమముగా అమెరికా రాష్ట్రములలో సుమారు సగము ఈ పద్ధతిని ఏదో ఒక రూపమున చేపట్టినవి.

ఆరెగాను చరిత్రయు మచ్చ లేనిది కాదు. పిల్లలందరును ప్రభుత్వ పాఠశాలలకే పోవలెనను చట్టమును అచ్చటి ప్రజలు 1922 లో ఆమోదించిరి. అది కాథలిక్కుల పాఠశాలలను మూయించుటకు వేసిన యెత్తు. 1925 లో సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. పిమ్మట వేఱొక జాడ్యము ప్రబలెను: కూలికి సంతకములు సేకరించుట. ఆరెగాను 1935 లో దానిని నిషేధించెను. కాని అట్టి నిషేధములు చెల్లవని 1988 లో కొలరాడో రాష్ట్రపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. 2020 లో కాలిఫోర్నియాలో ఫోను యాప్‌లద్వారా కార్లు నడిపించు కంపెనీలు తమకు అనుకూలమైన ఒక్క ప్రతిపాదనను గెలిపించుకొనుటకు 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టినవి. కంపెనీల పెత్తనమును తప్పించుటకు పుట్టిన ఆయుధమును కంపెనీలే చేపట్టుట విధివైపరీత్యము.

భారతదేశము, గ్రామసభ

భారత రాజ్యాంగమున శాసన ప్రతిపాదన హక్కుగాని, చట్టములపై రిఫరెండముగాని లేవు. కోట్లాది జనమున్న దేశమునకు, అక్షరాస్యత మిక్కిలి తక్కువగా నున్న ఆ నాడు, ప్రతినిధుల పాలనయే రాజ్యాంగకర్తలకు తగినదిగా తోచెను. అయితే ప్రత్యక్ష ప్రజాస్వామ్యమునకు ఒక చిన్న ద్వారము పల్లెలోనే తెఱువబడినది. 1993 ఏప్రిలు 24 న అమలులోనికి వచ్చిన 73 వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చెను. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి స్త్రీయు పురుషుడును అందు సభ్యులే. 1996 నాటి చట్టము షెడ్యూల్డు ప్రాంతముల గ్రామసభలకు మఱికొంత బలము చేకూర్చెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఏజెన్సీ గ్రామములకును అది వర్తించును.

ఈ బలము ఎట్టిదో ఒడిశాలోని నియమగిరి కొండలు చూపినవి. ఆ కొండపై బాక్సైటు త్రవ్వుట తమ దైవమునకు అపచారమని డోంగ్రియా కోందులు మొఱపెట్టిరి. గ్రామసభలే ఆ విషయమును విచారింపవలెనని 2013 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఆదేశించెను. రాయగడ, కలహండి జిల్లాలలో 12 గ్రామసభలు జరిగినవి. పన్నెండును త్రవ్వకము వలదనెను. ఇది చట్టమును ప్రతిపాదించుట కాదు. తమ ముందు పెట్టిన ప్రశ్నకు సమాధానము చెప్పుట మాత్రమే. అయినను గ్లారుసు మైదానమునకును ఆ కొండపల్లెల చెట్టునీడకును నడుమ ఉన్న దూరము భూపటములో కనిపించునంత కాదని అది నిరూపించెను.

తెలిసి చేయెత్తుట

ఈ చరిత్రయంతయు చదివిన వారికి ఒక సత్యము గోచరించును. చేయెత్తు హక్కు ఒకటి; ఎందులకు ఎత్తుచున్నామో తెలిసియుండుట వేఱొకటి. మొదటిది రాజ్యాంగము ఇయ్యగలదు. రెండవది ఎవరికి వారు సంపాదించుకొనవలసినది. గ్లారుసు పౌరునకు సభకు ముందు పుస్తకము చేరును. స్విస్సు ఓటరునకు ఇరుపక్షముల వాదములు అందును. ఆరెగాను కమ్మరి కుమారునకు అరువు పుస్తకమొకటి దొరకెను. 1893 లో ద్వేషమును జీవకారుణ్యమని నమ్మి ఓటు వేసినవారికిని చదువు లేకపోలేదు. చదివినదానిని ప్రశ్నించు అలవాటు లేకపోయెను. కావున పుస్తకమొక్కటియే చాలదు. దానిని నలుగురు కూడి చదువు చోటు, భిన్నాభిప్రాయమును ఓర్పుతో విను చోటు కావలెను.

తెలుగునాట గ్రంథాలయోద్యమ కర్తలు ఈ విషయమును ఏనాడో గ్రహించిరి. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. అప్పటికి సామాన్యునకు ఓటే లేదు. ఓటు రాకమునుపే ఓటరును సిద్ధము చేయ బూనిన దూరదృష్టి వారిది. పల్లెలోని గ్రంథాలయము పత్రిక చదువుటకు మాత్రమే కాక, రేపటి గ్రామసభలో ఏమి అడుగవలెనో నేర్చుకొను చోటుగా వారు భావించిరి.

గ్రామసభ నోటీసు అంటించిన నాడు, అందులోని విషయములను గ్రంథాలయపు అరుగుమీద ముందుగా చదివి చర్చించు గ్రామము, చట్టము తనకిచ్చినంత అధికారమును పూర్తిగా వాడుకొనును. నోటీసు చూడని గ్రామమునకు ఎంత గొప్ప హక్కు ఇచ్చినను అది బీరువాలోని అర్జీవంటిదే. 1864 లో గ్లారుసు మైదానమున చేతులెత్తిన అద్దకపు పనివారు మహాపండితులు కారు. తమకు ఏమి కావలెనో వారికి తెలియును. అది న్యాయమని పొరుగువానిని ఒప్పించుటయు తెలియును. ప్రజలే ప్రభువులను మాటకు అంతకు మించిన అర్థము లేదు.